ఆరున్నొకటి

బావి రాకముందు మా ఊరికి గోధుమలు వచ్చాయి.

అరవైల చివర, వరసగా రెండేళ్ళు వానలు మొహం చాటేశాయి. రాజాం నుంచి బండి దారిన వస్తే మా ఊరి ముందు చివరి కోసు దూరమంతా ఎర్ర గరువు నేల. అక్కడ పైనుంచి పడే నీరు తప్ప వేరే నీరు లేదు. గోగు మోకాలెత్తు దాటలేదు. చోళ్ళు గింజ పట్టలేదు. అప్పుడు ఒక సహాయ సంఘం వాళ్ళు, సముద్రాల అవతలి దాతలెవరో పంపిన గోధుమలు, పాలపొడి, నూనె డబ్బాలు జీపు వెనక ట్రాలీలో వేసుకుని తెచ్చారు. బడి అరుగు మీద జావ కాచి పోసేవారు.

నాకు అప్పుడు ఇరవై ఒకటి. ఐదో తరగతితో బడి మానాను గానీ లెక్కలు మానలేదు. సేర్లు పోయి కిలోలు వచ్చిన కొత్తల్లో సంతలో ఎవరికి అనుమానం వచ్చినా నన్నే పిలిచేవారు. చూసిన దాన్నల్లా లెక్కపెట్టడం నాకు జబ్బు లాంటిది. జావ గిన్నెలు కూడా లెక్కపెట్టాను. మొదటి నెలలో జనం మధ్యాహ్నం గంట కొట్టాక గిన్నెలు తెచ్చుకునేవారు. ఆరు నెలలు తిరిగేసరికి పొద్దున్నే గిన్నెలు వరసలో పెట్టి, ఎవరి గిన్నె ముందుందో చూసుకుంటూ అరుగు కిందే కూర్చునేవారు. చేలకి వెళ్ళడం మానేశారు. వెళ్ళినా చెయ్యడానికి ఏమీ లేదనుకోండి.

సంఘం తరపున వచ్చేది ఒక మలయాళీ ఫాదరు. పుస్తకాల తెలుగు మాట్లాడేవాడు. ఒకరోజు అరుగు మీద నిలబడి చెప్పాడు.

"వచ్చే సంవత్సరము నేను జావ తీసుకొని రాను. మీరు బావి తవ్వండి, నేను గోధుమలు కూలిగా ఇచ్చెదను. నీరు వచ్చిన పిమ్మట మీకు నా అవసరము ఉండదు."

"అయితే బాబు మరి రారా?" అని ఒక ముసలమ్మ అడిగింది.

"రాను."

"ఓలమ్మ! నీలొస్తే బాబు రాడంట. ఇప్పుడేటి సేద్దుమే?" అని ఆవిడ పక్కవాళ్ళని అడిగింది. అందరూ నవ్వారు. ఫాదరు కూడా నవ్వాడు, అర్థమయ్యో కాకో.

ఆయన పెట్టిన షరతులు మూడు. ఒంటి కష్టం మాది, పనిముట్లు ఆయనవి. నీరొచ్చి పంట తీశాక పక్క ఊరికి విత్తనమూ, వాళ్ళ బావి పనికి మనుషులూ మేమే ఇవ్వాలి. మూడోది చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గింది. ఎవరి ప్రాణమైనా పోతే ఆ రోజుతో పని ఆపేసి సంఘం వెళ్ళిపోతుంది. వేరే చోట ఒకసారి అలా జరిగిందట.

నాలుగు బారల లోతుదాకా మట్టి, మొరం. పారలతో, గునపాలతో దిగిపోయాం. నేను మస్తరు, అంటే కూలీల హాజరు, రాసేవాణ్ణి. మా అప్ప, అంటే అక్క, తట్ట మోసేది. మా బావ లోపల తవ్వేవాడు. నాలుగు బారలు దాటాక నల్లరాయి తగిలింది. గునపం వేస్తే నిప్పురవ్వ లేచేది తప్ప రాయి లేవలేదు.

రాతిని పేల్చడానికి ఫాదరు ఒక మేస్త్రిని పంపాడు. క్వారీల్లో బతుకంతా గడిపిన మనిషి. రెండు చెవులూ దాదాపు పోయాయి, మోకాళ్ళు వాచి ఉండేవి. అతను చూపించిన చోట మావాళ్ళు సమ్మెటతో రాతిలో కన్నాలు తొలిచేవారు. కన్నానికో తూటా దూర్చి, వత్తి పెట్టి, మట్టి కూరి, అన్నిటికీ నిప్పంటించి అతను చివరిగా పైకి వచ్చేవాడు. మా జిల్లాలో కొండల వైపు గొడవగా ఉన్న రోజులవి. తూటా అనే మాట గట్టిగా అనడానికే భయపడేవాళ్ళం.

మేస్త్రి చెప్పిన నియమం ఒక్కటే. ఎన్ని కన్నాలో అన్ని చప్పుళ్ళు వినబడాలి. సరిపోతే పొగ పోయాక దిగొచ్చు. ఒక్కటి తగ్గినా మర్నాడు పొద్దుటిదాకా ఎవరూ దిగకూడదు. పేలని తూటా రాళ్ళ కింద ఉంటుంది. దాని మీద గునపం పడితే దిగినవాడు మరి మిగలడు.

"నాకు వినబడదు. తప్పు లేకుండా లెక్కపెట్టే మనిషిని ఒకణ్ణి ఇవ్వండి," అన్నాడు.

ఊరంతా మా అయ్య వైపు చూసింది.

మా అయ్య కల్లాల్లో ధాన్యం కొలిచే మనిషి. చదువు లేదు. నాలుగు ఊళ్ళ రైతులు ఆయన కుంచం పట్టుకుంటే పక్కన ఇంకొకరిని నిలబెట్టేవారు కాదు. కొలిచేటప్పుడు ఆయన ఒకటి అనడు, లాభం అంటాడు. లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. ఆ తరవాతి అంకె కూడా నోట రానివ్వడు. ఏడు అంటే ఏడుపు. గింజ దగ్గర ఆ మాట అంటే ఇంట్లో ఏడుపు పుడుతుందని నమ్మకం. అందుకని ఆరున్నొకటి అంటాడు. ఆరూ, దాని మీద ఒకటీ. మా ఊళ్ళో అందరమూ అంతే. నేను మస్తరులో ఏడు అంకె వేసేవాణ్ణి గానీ పనిచోట పైకి చదవాల్సి వస్తే ఆరున్నొకటి అనే చదివేవాణ్ణి.

బావి దగ్గరా ఆయన లెక్క అలాగే సాగింది. మొదటి చప్పుడికి "లాభం" అని అరిచేవాడు. రాయి పగలడం లాభమే కదా అని మా బావ నవ్వేవాడు. చుట్టూ మనుషులుంటే మాటల్లో లెక్క తప్పుతుందని, అయ్య బావికి తూర్పు గట్టు మీద ఒక్కడే కూర్చునేవాడు. మిగతా అందరం పడమటి వైపు గెడ్డలో, ఎండిపోయిన వాగు ఇసుకలో వంగి ఉండేవాళ్ళం.

నేనూ లెక్కపెట్టేవాణ్ణి. ఎవరూ చెప్పలేదు, అలవాటు చొప్పున. ప్రతి చప్పుడికీ మస్తరు పుస్తకం వెనక అట్ట మీద పెన్సిలుతో ఒక గీత గీసేవాణ్ణి. అయ్య లెక్కకీ నా గీతలకీ ఏ రోజూ తేడా రాలేదు. దాని గురించి ఎవరికీ చెప్పలేదు కూడా. తండ్రి లెక్కని సరిచూస్తున్నానని అనుకుంటారని.

రోజూ నాలుగో, అయిదో కన్నాలు. ఒకరోజు మా బావ హుషారులో ఇంకా ఇంకా తొలిచాడు. పైకి వచ్చాక తట్టలు మోసే ఆడవాళ్ళు అడిగారు.

"ఎన్ని తొలిసేరు బావా?"

"ఆరున్నొకటి."

"ఎందుకొచ్చిన లెక్క? ఇంకోటి తొలవరాదా, ఎనిమిదవుతాది."

"నువ్వు దిగి తొలు. మీ ఆయన తట్ట మోస్తాడు," అన్నాడు బావ.

మా అప్ప మూడో నెలతో ఉంది. ఆవిడ నవ్వలేదు. "మాటలకేటి, మందంటించక ముందే గెడ్డలోకి ఎల్లు," అంది.

మేస్త్రి వత్తులంటించి పైకి వచ్చాడు. అందరం గెడ్డలో వంగాం. మండు వేసవి, పడమటి గాలి ఉధృతంగా వీస్తోంది. మొదటి చప్పుడుకి కాళ్ళ కింద ఇసుక కదిలింది. గీత. కాసేపటికి రెండోది, దాని మీదనే మూడోది, ఒక దాని వెనక ఒకటి తోసుకున్నట్టు. రెండు గీతలు. నాలుగు. అయిదు. కొంచెం ఆలస్యంగా ఆరు. రాళ్ళ పెళ్ళలు గెడ్డ ఒడ్డున పడ్డాయి.

తరవాత ఏమీ లేదు. పెన్సిలు అట్ట మీద ఆనించి ఆగాను. చెవుల్లో గింగురుమనే మోత తప్ప ఏమీ లేదు.

తూర్పు గట్టు మీంచి అయ్య కేక గాలికి ఎదురీదుతూ ముక్కలు ముక్కలుగా వచ్చింది. "ఆరు... న్నా... దొకటి!"

"ఆరున్నొకటి!" అన్నారు గెడ్డలో వాళ్ళు. "అన్నీ పేలేయి!" మగవాళ్ళు లేచి తలపాగాలు దులుపుకున్నారు. బావ మేస్త్రి వైపు చెయ్యి ఎత్తి ఊపాడు. అతను తలూపి, మిగిలిన తూటాలు పెట్టెలో పెట్టి తాళం వెయ్యడానికి పాక వైపు వెళ్ళాడు. అతనికి మోకాళ్ళ నొప్పి కాబట్టి పొగ పోయాక మొదట దిగేది మా బావే.

నేను అట్ట మీదికి చూశాను. ఆరు గీతలున్నాయి.

మళ్ళీ లెక్కపెట్టాను. ఆరే. పొగ పోవడానికి ఒక చుట్ట కాల్చేంత సేపు ఆగాలి. అంతసేపూ నాకు సమయం ఉంది. ఈ మాట ఎన్నిసార్లు తిప్పి రాసినా మారదు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నాకు సమయం ఉంది. రెండోదీ మూడోదీ కలిసి వచ్చినప్పుడు ఇంకోటి కూడా వాటిలో కలిసిపోయి ఉంటుందనుకున్నాను. అయ్య లెక్క తప్పడం నేను పుట్టాక చూడలేదు. అందరి ముందూ లేచి, మా అయ్య తప్పు, నేను ఒప్పు అనడానికి నోరు రాలేదు. ఏం చేశానంటే, పెన్సిలు తీసి ఏడో గీత గీశాను.

గీశాక కుదుటపడతాననుకున్నాను. భయం ఇంకా పెరిగింది.

బావ గిలక కింద ఇనప తొట్టిలో నిలబడ్డాడు. చేతిలో గునపం. నలుగురు మోకు పట్టుకుని దించుతున్నారు. ఒక బార. రెండు బారలు. నేను వెళ్ళి ఒడ్డున నిలబడ్డాను. కింద పొగ ఇంకా పలచగా తిరుగుతోంది. అయిదు బారల మీద ఇంకొంచెం దిగాక తొట్టి రాళ్ళ మీద ఆనింది. బావ చెప్పుల్లేని కాళ్ళతో రాళ్ళ మీద అడుగు పెట్టాడు.

అప్పుడు చూశాను అయ్యని. ఎదురుగా గట్టు మీద తీరిగ్గా చుట్ట పీలుస్తున్నవాడు, మోకు కదలడం చూసి లేచాడు. చుట్ట పారేశాడు. చేతులు ఊపుతూ పరిగెత్తుకు వస్తున్నాడు. ఆయన పరిగెత్తగా నేను ఎప్పుడూ చూడలేదు.

"ఎవులు దించేరు? ఎవుల్నడిగి దించేరు?"

"నువ్వే కదా మావా, ఆరున్నొకటన్నావు," అన్నాడు మోకు పట్టుకున్నవాడు.

అయ్య బావి ఒడ్డుకి వచ్చి పడ్డాడు. "ఆరు అన్నాను. ఆరు! ఉన్నాదొకటి అన్నాను! ఒకటి ఉండిపోనాదిరా, లోపల ఉన్నాదిరా!"

ఆరున్నొకటి. ఆరు, ఉన్నాదొకటి. గాలి ఆ రెంటినీ ఒకటి చేసింది. ఇంకే ఊళ్ళో అయినా ఏడు అంటే ఏడే, ఆరు అంటే ఆరే.

ఒక్కసారి అందరూ బావిలోకి అరిచారు. "ఉన్నాది!" "ఒకటుండిపోనాది!" "వచ్చీరా!" "కదలకు!" బావి ఆ మాటలన్నిటినీ కలిపి గుండ్రంగా తిప్పి ఒక మోతగా కిందికి పంపింది. కింద బావ తల పైకెత్తాడు. చిన్నగా కనబడుతున్నాడు.

"ఏటీ? ఒక్కొక్కులు సెప్పండి, సంతలోనాగ ఏటా గోల?"

అని నవ్వి, పెద్ద పెళ్ళ ఒకటి కదుపుదామని రెండు చేతులతో గునపం పైకెత్తాడు.

ఉన్నాది అంటే ఏముందని అడుగుతాడు. ఆరు అంటే ఒరే అన్నట్టు వినబడుతుంది. ఇవన్నీ అప్పుడు ఆలోచించానా అంటే చెప్పలేను. బోర్లా పడుకుని, తల బావిలోకి వంచి, ఒక్క మాట అరిచాను.

"ఏడు!"

నా వెనక ఆడవాళ్ళు "ఓలమ్మో" అని నోళ్ళు నొక్కుకున్నారు. బావి దగ్గర అనకూడని మాట. అందుకే కింద అది వినబడింది. గునపం గాల్లో ఆగిపోయింది.

"ఏడోది పేలనేదు బావా! కదలకు!"

బావ కదలలేదు. ఎత్తిన గునపం ఎత్తినట్టే ఉంది. దాన్ని కింద పెట్టడానికి లేదు. ఎక్కడ పెడితే అక్కడ ఏముందో తెలియదు. తన కాలి కింద రాయి ఎలాంటిదో తెలియదు. రెండు అడుగుల వెనక తొట్టి ఉంది. ఆ రెండు అడుగులు ఏ రాళ్ళ మీద వేసి ముందుకు వచ్చాడో వాటి మీదే వెనక్కి వెయ్యాలి. పైనుంచి నాకు కనబడింది. "ఎడం కాలు ఎనక్కి... ఇంకొంచెం... ఆ తెల్ల మచ్చ రాయి మీద," అని చెప్పాను. నా గొంతు నాకే వినబడలేదు. అతనికి వినబడింది.

గునపాన్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు రొమ్ముకి ఆనించుకుని తొట్టిలోకి ఎక్కాడు. మోకు లాగుతున్న వాళ్ళు తొందరపడటంతో తొట్టి గోడకి తగిలింది. ఒక గులకరాయి ఊడి కింద పడింది. టిక్కుమంది. అందరం కళ్ళు మూసుకున్నాం. ఏమీ కాలేదు. ఒక బార. రెండు బారలు. మూడో బార దగ్గర మోకు పట్టు మార్చుకోవాలి, అంతసేపు అతను గాల్లో ఊగుతూ ఉండిపోయాడు. నాలుగు. అయిదు. చేతికి చెయ్యి అందింది.

మా అప్ప తట్ట పారేసి వచ్చి, బావ చెంప మీద ఒకటి వేసింది. తరవాత అతని పంచె చెంగు పట్టుకుని కింద కూలబడింది.

"సచ్చిపోతే ఏటి సేద్దునురా నాను! నీ హుషారు తగలెట్ట!"

బావ పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. అయినా మా అయ్య వైపు తిరిగి, "మావా, నీ లెక్క మంచిదే. నీ భాషే బాగునేదు," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అతనికి మంచినీళ్ళు ఇస్తే ముంత పెదాల దగ్గర నిలవలేదు, నీళ్ళన్నీ మెడ మీద పోసుకున్నాడు.

మర్నాడు పొద్దున్న మేస్త్రి ఒక్కడే దిగాడు. పక్క కన్నం పేలినప్పుడు ఎగిరిన రాయి ఒకటి వత్తిని మధ్యకి తెగ్గొట్టింది. తూటా కన్నంలో చెక్కుచెదరకుండా ఉంది. తెల్ల మచ్చ రాయికి జానెడు దూరంలో. అతను దాని పక్కన ఇంకో తూటా పెట్టి రెంటినీ కలిపి పేల్చాడు. ఆ చప్పుడుకి మా అప్ప చెవులు మూసుకోలేదు. కళ్ళు మూసుకుంది.

ఆ సాయంత్రం అయ్య నన్ను పుస్తకం తెమ్మన్నాడు. ఎలా తెలిసిందో, నేను గీతలు గీస్తానని ఆయనకి ముందునుంచీ తెలుసు. అట్ట తిప్పి చూపించాను. చదువురాని మనిషి, వేలితో ఒక్కో గీతే తడిమాడు. ఏడో దాని దగ్గర వేలు ఆగింది. మిగతా ఆరూ ఆదరాబాదరాగా గీసిన పలచటి గీతలు. అదొక్కటీ నిదానంగా, నల్లగా, నొక్కి గీసి ఉంది.

"ఇదెప్పుడు గీసేవు?"

చెప్పాను.

"నాను తప్పు పలికేను. నువ్వు తప్పు గీసేవు," అన్నాడు అయ్య. "నాది గాలి మీదకి తోసీగల్ను. నీది ఎవుల మీదకి తోస్తావురా?"

ఫాదరు వచ్చాడు. జరిగింది మొత్తం చెప్పించుకుని విన్నాడు. ఎవరూ పోలేదు కాబట్టి పని ఆపనన్నాడు. కానీ లెక్క మనిషిని మార్చాలన్నాడు. అయ్య తనంతట తనే తప్పుకుని నన్ను చూపించాడు. అందరి ముందు వద్దనలేకపోయాను. బావ మాత్రం మళ్ళీ దిగలేదు. ఒకరోజు తొట్టిదాకా వచ్చి, దాని అంచు పట్టుకుని నిలబడి, తిరిగి వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి మోకు పట్టుకున్నాడు.

ఎనిమిది బారల దగ్గర ఊట పడింది. ఆ మరుసటి వేసవిలో కూడా మడుల్లో పచ్చదనం ఉంది. బడి అరుగు మీద జావ ఆగింది. చెప్పినట్టే ఫాదరు రావడం మానేశాడు. ఒకసారి మాత్రం దారిన పోతూ జీపు ఆపి, మా బావి నీళ్ళు తాగి వెళ్ళాడట. నేను లేను.

షరతు ప్రకారం పక్క ఊరికి విత్తనం ఇచ్చాం, మనుషుల్నీ ఇచ్చాం. వాళ్ళకీ రాయి తగిలింది. వాళ్ళకీ అదే మేస్త్రి. లెక్కపెట్టడానికి నన్ను పిలిచారు. వెళ్ళాను గానీ, ఏ రాత్రీ సరిగ్గా నిద్రపోలేదు.

ఒకరోజు తొమ్మిది కన్నాలు. పేలుళ్ళు అయ్యాక నా దగ్గర ఎనిమిది గీతలున్నాయి. చివరి రెండూ కలిసి వచ్చాయేమో. వచ్చినట్టే అనిపించింది. దిగాల్సినవాడు నాకంటే చిన్నవాడు, అప్పటికే తలపాగా బిగించుకుని నా నోటి వైపే చూస్తున్నాడు. వాళ్ళ ఊరివాళ్ళందరూ తొమ్మిదీ విన్నామన్నారు. వాళ్ళ పెద్ద ఒట్టు కూడా వేశాడు.

"నేను ఎనిమిదే విన్నాను. ఈ రోజు ఎవరూ దిగడానికి లేదు," అన్నాను.

ఆ పూట పని పోయింది, దాని గోధుమలూ పోయాయి. వాళ్ళ ఆడవాళ్ళు నన్ను మామూలుగా తిట్టలేదు. మర్నాడు మేస్త్రి దిగి చూసి, తొమ్మిది కన్నాలూ పేలాయని పైకి చెయ్యి ఊపాడు. బావి గట్టంతా ఒకటే నవ్వు.

"లెక్కల బాబూ! నీ బయానికి మా పిల్లల నోటికాడ గోదుమలు పోనాయి కదా!"

"పోనాయి," అన్నాను.

ఆ కుర్రాడు నవ్వుతూ తొట్టి ఎక్కాడు. అతను అడుగుకి దిగి, గునపం ఎత్తి, మొదటి దెబ్బ వేసి, ఆ చప్పుడు ఉత్త రాతి చప్పుడుగా పైకి వినబడేదాకా నేను మోకు పట్టుకునే నిలబడ్డాను.